నల్లమల హద్దులు: ఒకే అడవి మీద ఎన్ని గీతలు గీశాం

నల్లమల గురించి వార్త వచ్చిన ప్రతిసారీ పేరు మారుతుంది. ఒకచోట నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అంటారు. ఇంకోచోట అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంటారు. పాత కాగితాల్లో రాజీవ్ గాంధీ వన్యప్రాణి అభయారణ్యం అని ఉంటుంది. వీటికి తోడు రిజర్వ్ ఫారెస్ట్, కోర్, బఫర్, కారిడార్ అనే మాటలు. చదివేవాళ్లకి ఇవన్నీ వేర్వేరు అడవులేమో అనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒక్కటే అడవి. దాని మీద వందేళ్లకు పైగా ఒక్కో ప్రభుత్వం ఒక్కో అవసరం కోసం ఒక్కో గీత గీసింది. కొత్త గీత గీసినప్పుడు పాతది చెరిపెయ్యలేదు. చెంచుల పునరావాసం, యురేనియం, శ్రీశైలం రోడ్డు, సొరంగాలు అంటూ ఈరోజు మనం వింటున్న గొడవలన్నీ ఈ గీతలు ఒకదాని మీద ఒకటి పడిన చోట్లే పుడుతున్నాయి. అందుకే గీతల్ని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ముందు నేల సంగతి. నల్లమల తూర్పు కనుమల్లో భాగం. కృష్ణానది ఈ కొండల మధ్య సుమారు 130 కిలోమీటర్ల పొడవునా లోతైన లోయ కోసుకుంటూ పారుతుంది. లోయ లోతు చాలాచోట్ల 200 మీటర్ల దాకా ఉంటుంది. నదికి ఉత్తరాన అమ్రాబాద్ పీఠభూమి, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల వైపు. దక్షిణాన నంద్యాల, ప్రకాశం, పల్నాడు వైపు అడవి. ఇది ఆకురాల్చే ఎండు అడవి. టేకు, నల్లమద్ది, యేగిస, చిరుమాను, వెదురు ఎక్కువ. వానాకాలంలో కళకళలాడే ఈ అడవి ఫిబ్రవరి దాటేసరికి బోసిపోతుంది, మే నెలలో వాగులు చాలావరకు ఎండిపోతాయి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఇక్కడ పులుల లెక్క ఎందుకు నెమ్మదిగా పెరుగుతుందో తర్వాత తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి గీతలు గీసినవాళ్లకి పులిని కాపాడే ఆలోచనే లేదు. నదికి దక్షిణాన మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 నాటి అటవీ చట్టం కింద అడవిని రిజర్వ్ చేశారు. కలప కోసం, ఆదాయం కోసం. ఉత్తరాన నిజాం రాజ్యంలో ఫరహాబాద్ ప్రాంతాన్ని వేట కోసం ప్రత్యేకంగా ఉంచుకున్నారు. ఇప్పుడు మన్ననూరు దాటాక సఫారీ బండిలో వెళ్లి లోయను చూసి ఫొటోలు దిగే ఫరహాబాద్ వ్యూ పాయింట్ ఒకప్పటి ఆ వేట స్థలమే. వేటకోసం దాచుకున్న అడవి తర్వాత వన్యప్రాణుల అడవిగా మారడం మన దేశంలో చాలాచోట్ల జరిగింది. బయటివాళ్లని రానివ్వకుండా ఉంచడం వల్ల చెట్టూ జంతువూ కొంత మిగిలాయన్నది నిజం. ఆ 'బయటివాళ్ల' లెక్కలో అడవిలోనే పుట్టి పెరిగినవాళ్లని కూడా కలిపేశారన్నదీ అంతే నిజం.

ఆ పుట్టి పెరిగినవాళ్లు చెంచులు. పెంటలు అనే చిన్న చిన్న గూడేల్లో ఉంటారు. అప్పాపూర్, మేడిమల్కల్, రాంపూర్, మల్లాపూర్ లాంటి పెంటలు ఇప్పటికీ కోర్ లోపలే, అంటే పులుల కోసం ప్రకటించిన అడవి లోపలి భాగంలోనే ఉన్నాయి. తేనె, తపసి జిగురు, కుంకుడుకాయలు, చింతపండు, గడ్డలు, దుంపలు వాళ్ల బతుకుతెరువు. శ్రీశైలం మల్లన్నను వాళ్లు చెంచు మల్లయ్య అంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి వాళ్లకి అల్లుడయ్యాడు. సంక్రాంతి తర్వాత జరిగే పారువేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతాడు, తన పెళ్లికి పిలవడానికి. ఈ అడవికి ఇలాంటి చుట్టరికం ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి పనిచేశాడు. 1943లో వాళ్ల మీద పుస్తకం వచ్చింది. అటవీ నియమాలు, కాంట్రాక్టర్లు, మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కలిసి చెంచుల బతుకుని ఎలా ఇరుకున పెడుతున్నారో ఆయన నిజాం ప్రభుత్వానికి చెప్పాడు. దాంతో చెంచుల కోసం పీఠభూమిలో లక్ష ఎకరాల దాకా ప్రత్యేక రిజర్వ్ ఏర్పాటైంది. ఇది నల్లమల మీద పడిన అరుదైన గీత. ఎందుకంటే మిగతా గీతలన్నీ కలప కోసం, వేట కోసం, పులి కోసం, నీళ్ల కోసం గీసినవి. మనుషుల కోసం గీసినది ఇదొక్కటే. స్వాతంత్ర్యం వచ్చాక దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో నల్లమల చరిత్రలో చేజారిన పెద్ద అవకాశం ఇదే. ఆ గీతని నిలబెట్టి ఉంటే తర్వాత వచ్చిన అభయారణ్యం చెంచులతో మాట్లాడి మొదలయ్యేది.

ఆ తర్వాత నది మారింది. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. ఎగువన శ్రీశైలం ప్రాజెక్టు 1980ల మొదట్లో పూర్తయింది. రెండు ఆనకట్టల మధ్య, వెనుక, నది జలాశయంగా మారింది. లోయ అడుగున ఉన్న అడవి మునిగింది. మరోవైపు, ఎండాకాలంలో జంతువులకి నికరంగా నీళ్లు దొరికే చోటు ఏర్పడింది. ప్రాజెక్టు పనుల కోసం వేసిన రోడ్లు, కట్టిన కాలనీలు అలాగే ఉండిపోయాయి. సున్నిపెంట, ఈగలపెంట, దోమలపెంట ఇలా పెరిగిన ఊళ్లే. పెంట అనే మాట వాటి పేర్లలో మిగిలింది కానీ ఇప్పుడు అక్కడున్నవి కాలనీలు.

వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది, ప్రాజెక్ట్ టైగర్ 1973 ఏప్రిల్ 1న మొదలైంది. నల్లమలకి అది అందడానికి పదేళ్లు పట్టింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాన్ని ప్రకటించారు. విస్తీర్ణం 3568 చదరపు కిలోమీటర్లు, గుంటూరు, ప్రకాశం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఐదు జిల్లాల్లో. 1983లో దీన్ని ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. విస్తీర్ణంలో అప్పటికి దేశంలో ఇదే పెద్దది. 1992లో రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. మధ్యలో 1990లో దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వచ్చింది, 1194 చదరపు కిలోమీటర్లతో. తర్వాత అదీ పులుల అభయారణ్యంలో భాగమైంది.

ఇక్కడ చాలామంది తికమక పడే విషయం ఒకటుంది. అభయారణ్యం, పులుల అభయారణ్యం అనేవి చట్టంలో ఒకటి కావు. వన్యప్రాణి అభయారణ్యం అంటే జంతువులన్నిటికీ రక్షణ ఉన్న ప్రాంతం. అందులో మనుషుల హక్కులు ఏమున్నాయో కలెక్టర్ విచారించి తేల్చాలి, కొన్నిటిని కొనసాగనివ్వచ్చు. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చడమంటే కేంద్రం నుంచి నిధులు, ఒక నిర్వహణ ప్రణాళిక రావడం. అంతకుమించి అప్పట్లో 'టైగర్ రిజర్వ్' అనే మాటకి చట్టంలో నిర్వచనమే లేదు. అది 2006లో వచ్చింది. కాబట్టి పులుల అభయారణ్యం అని మనం మామూలుగా అనేది మొదటి ఇరవై మూడేళ్లు ఒక పథకం పేరు మాత్రమే.

ఆ ఇరవై మూడేళ్లలో అడవిలో అటవీ శాఖ మాట పెద్దగా సాగలేదు. 1990ల నుంచి 2000ల మధ్య దాకా నల్లమల నక్సలైట్ల స్థావరం. అటవీ సిబ్బంది లోపలికి వెళ్లాలంటే భయం. చాలా ఆఫీసులు, విశ్రాంతి గృహాలు పేల్చివేతకి గురయ్యాయి. 2004 అక్టోబరులో శాంతి చర్చలకి మావోయిస్టు నాయకులు నల్లమల నుంచే బయటికి వచ్చారు. చర్చలు విఫలమయ్యాక గాలింపు తీవ్రమైంది, రెండేళ్లలో దళాలు ఈ అడవి వదిలి వెళ్లాయి. ఈ కాలం పులికి మేలు చేసిందా, కీడు చేసిందా అని ఇప్పటికీ వాదనలు జరుగుతుంటాయి. కలప దొంగలు, వేటగాళ్లు కూడా అప్పుడు లోపలికి రావడానికి జంకారని కొందరంటారు. ఆ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. కానీ లెక్క పెట్టేవాళ్లు, నీటి గుంటలు చూసేవాళ్లు, మంటలు ఆర్పేవాళ్లు లేని అడవిలో ఏం మిగిలిందో, ఏం పోయిందో చెప్పే ఆధారం లేదు. అది పులికీ, మనకీ ఇద్దరికీ నష్టమే.

అసలు ముడి పడింది 2005–2007 మధ్య. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులన్నీ మాయమైపోయాయని 2005లో బయటపడింది. కాగితాల మీద పులులున్నాయి, అడవిలో లేవు. దేశమంతా ఉలిక్కిపడింది. అడుగుజాడల ఆధారంగా చేసే పాత లెక్కని పక్కనబెట్టారు. 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థని ఏర్పాటు చేశారు. టైగర్ రిజర్వ్‌కి రెండు భాగాలుండాలన్నారు. లోపలి భాగం కోర్, చట్టం మాటలో కీలక పులుల ఆవాసం. అందులో మనుషుల అలికిడి లేకుండా చూడాలి. చుట్టూ బఫర్, అక్కడ మనుషులూ జంతువులూ కలిసి బతకొచ్చు.

సరిగ్గా అదే ఏడాది పార్లమెంటు అటవీ హక్కుల చట్టం కూడా చేసింది. తరతరాలుగా అడవిలో ఉన్న గిరిజనులకి చారిత్రకంగా జరిగిన అన్యాయాన్ని సరిదిద్దుతామని ఆ చట్టం పీఠికలోనే రాసుకుంది. అది అమల్లోకి వచ్చింది 2007 డిసెంబరు 31న. దానికి ముందు వారాల్లో ఎన్నో రాష్ట్రాలు హడావిడిగా కీలక పులుల ఆవాసాలను ప్రకటించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నల్లమల కోర్‌ని ప్రకటించింది కూడా ఆ డిసెంబరులోనే. లోపల ఉన్న పెంటల్లో గ్రామసభలు పెట్టి అడగడానికి ఆ వ్యవధి ఏ మూలకూ చాలదు. హక్కుల చట్టం అమల్లోకి వస్తే కోర్ గీయడం కష్టమవుతుందన్న తొందరే కనిపిస్తుంది తప్ప, ఆ గీతలో చెంచుల మాట ఎక్కడా కనిపించదు.

అయితే చెంచులకి చట్టంలో రక్షణే లేదనుకోవడం పొరపాటు. కోర్ నుంచి ఎవరినైనా తరలించాలంటే ముందు వాళ్ల హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. వాళ్ల ఉనికి వల్ల పులికి తిరిగి సరిదిద్దలేని నష్టం జరుగుతోందని నిపుణులను సంప్రదించి తేల్చాలి. కలిసి బతికే దారి ఏదీ లేదని నిర్ధారించాలి. గ్రామసభ, ఆ కుటుంబాలు అన్నీ తెలుసుకుని ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్తచోట ఇళ్లు, భూమి, సదుపాయాలు తయారయ్యాకే తరలించాలి. ఈ షరతులన్నీ వన్యప్రాణి చట్టంలోనే ఉన్నాయి. 'కోర్ ఏరియాలో మనుషులు ఉండకూడదు' అని ఎవరైనా అంటే అది చట్టంలో సగం మాట. మిగతా సగం ఈ షరతులే.

పునరావాస ప్యాకేజీ కుటుంబానికి 10 లక్షల రూపాయలుండేది, 2021లో దాన్ని 15 లక్షలు చేశారు. డబ్బు వద్దనుకుంటే భూమి, ఇల్లు కట్టించి ఇచ్చే మార్గం కూడా ఉంది. 2024 జూన్‌లో పులుల ప్రాధికార సంస్థ రాష్ట్రాలకి లేఖ రాసింది. దేశంలోని 54 టైగర్ రిజర్వుల కోర్లలో 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఇంకా ఉన్నాయి, తరలింపు వేగం పెంచమని. ఆ లేఖ నల్లమల పెంటల్లో కూడా టెన్షన్ పుట్టించింది. రోడ్డు, బడి, ఆసుపత్రికి దగ్గరగా ఉండాలని కోరుకునే కుటుంబాలు కొన్నున్నాయి. పోడు భూములు ఉన్న ఊళ్లలో కొందరు ప్యాకేజీకి సిద్ధపడ్డారు కూడా. వెళ్తామన్నవాళ్లని ఆపే హక్కు ఎవరికీ లేదు. కానీ తేనె తీయడం, గడ్డలు తవ్వడం తప్ప ఇంకో పని ఎరగని మనిషికి 15 లక్షలు చేతిలో పెట్టి మైదానంలో దించితే ఆ డబ్బు ఎన్నాళ్లు నిలుస్తుంది? చెంచులు వేరేచోట బతకలేరని నేననడం లేదు. బతికే ఏర్పాటు ముందు కళ్లకు కనబడాలి, సంతకం తర్వాత పెట్టించాలి అంటున్నాను.

అటవీ శాఖలో కింది స్థాయి సిబ్బందికి తెలిసిన ఇంకో నిజం ఉంది. బేస్ క్యాంపుల్లో కాపలా ఉండేది, పాదముద్ర చూసి పులి ఎటు పోయిందో చెప్పేది, మంట పొగ ఎక్కడిదో దూరం నుంచే పసిగట్టేది చాలావరకు చెంచు వాచర్లే. కెమెరా ఏ దారిలో పెడితే పులి పడుతుందో వాళ్లకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. శాఖకి కావలసిన ఆ తెలివి పెంటలో పుట్టింది. పెంట లేకపోతే తర్వాతి తరంలో ఆ తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

2014లో రాష్ట్రం విడిపోయింది, అడవి కూడా. కృష్ణకి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. కోర్ 2166 చదరపు కిలోమీటర్లు, బఫర్ 445, మొత్తం 2611. దక్షిణ భాగం ఆంధ్రప్రదేశ్‌లో పాత పేరుతోనే ఉంది. కోర్ 2596, బఫర్ 700, మొత్తం 3296. విడిపోయాక కూడా రెండూ దేశంలోని పెద్ద టైగర్ రిజర్వుల సరసనే ఉన్నాయి. పులికి ఈ గీత తెలియదు. అది నది ఈదుతుంది. ఒక ఏడాది ఇటు ఫొటోలో పడింది ఇంకో ఏడాది అటు పడొచ్చు. అందుకే రెండు రాష్ట్రాలూ తమ ఫొటోలు ఒకచోట పెట్టి పోల్చుకుంటే తప్ప లెక్క సరిగ్గా రాదు.

ఇప్పుడు లెక్క ఎలా చేస్తారో చూద్దాం, ఎందుకంటే అంకెల మీదే రాజకీయం నడుస్తుంది. అడవిని రెండు చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో పులి నడిచే దారికి అటూ ఇటూ రెండు కెమెరాలు ఎదురెదురుగా కడతారు. పులి ఒంటి చారలు మన వేలిముద్రల్లాగే ఏ రెండిటికీ ఒకటి కావు, పైగా కుడి పక్క చారలు ఎడమ పక్కకి సరిపోవు. అందుకే రెండు పక్కలా ఫొటో కావాలి. కొన్ని వారాల పాటు వచ్చిన ఫొటోల్లో ఏ పులి ఎన్నిసార్లు, ఎక్కడ పడిందో చూసి, కెమెరాకి చిక్కనివి ఎన్ని ఉండొచ్చో గణితంతో అంచనా వేస్తారు. కాబట్టి వచ్చేది తలకాయల లెక్క కాదు, అంచనా.

ఆ అంచనాల ప్రకారం 2010లో ఉమ్మడి రాష్ట్రంలో 72 పులులు, 2014లో 68. విడిపోయాక 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 48, తెలంగాణలో 26. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21. ఇవి రాష్ట్రాల మొత్తాలు. టైగర్ రిజర్వుల వారీగా చూస్తే 2022లో నాగార్జునసాగర్–శ్రీశైలంలో 58, అమ్రాబాద్‌లో 12. అదే అడవి, అదే నది, దగ్గర దగ్గర విస్తీర్ణం. అయినా ఇంత తేడా.

దీనికి ఒక్క కారణం చెప్పేవాళ్లని నమ్మకపోవడం మంచిది. నదికి రెండు వైపులా కాపలా ఎంత గట్టిగా ఉంది, పిల్లల్ని పెట్టే ఆడపులులు ఏ వైపు స్థిరపడ్డాయి, ఎండాకాలంలో నీళ్లు ఎక్కడ మిగులుతాయి, వీటన్నిటి పాత్రా ఉంటుంది. కానీ అన్నిటికంటే ముందు చూడాల్సింది తిండి. ఒక పులి ఏడాదికి దుప్పి సైజు జంతువులు యాభై దాకా తింటుంది. ఆ యాభై ఏటేటా దొరకాలంటే దాని ఇలాకాలో కొన్ని వందల దుప్పులు, కణుజులు, అడవి పందులు, మనుబోతులు ఉండాలి. ఎండు అడవిలో గడ్డి తక్కువ, కాబట్టి దుప్పులూ తక్కువ. ఉన్న గడ్డిని చుట్టుపక్కల ఊళ్ల నుంచి, దూర జిల్లాల నుంచి వచ్చే పశువుల మందలు, గొర్రెల మందలు తినేస్తాయి. లాంటానా కంప అల్లుకున్న చోట గడ్డి అసలే మొలవదు. వేసవి మంటలు మిగిలింది కాల్చేస్తాయి. పొలాల అంచున అడవి పందుల కోసం పెట్టే ఉచ్చులు, కరెంటు తీగలు పందితో ఆగవు.

అందుకే అటవీ శాఖ పనిలో ఎక్కువ భాగం పులి కోసం నేరుగా చేసేది కాదు. గడ్డి మైదానాలు పెంచడం, సాసర్ పిట్లు (జంతువులు నీళ్లు తాగే పళ్లెం లాంటి గుంటలు) తవ్వి ట్యాంకర్లతో నీళ్లు పోయడం, సోలార్ బోర్లు వెయ్యడం, మంటలు పాకకుండా డిసెంబరు నుంచే ఫైర్ లైన్లు కొట్టడం. వార్తల్లో కనబడని పనులివి. దుప్పి పెరిగితే పులి తనంతట తాను పెరుగుతుంది. దుప్పి లేని అడవిలో ఎన్ని పెంటలు ఖాళీ చేయించినా పులి పెరగదు. తరలింపు మీద పెట్టే శ్రద్ధలో సగం మేత మీద, మందల మీద పెడితే ఫలితం తొందరగా కనిపిస్తుందని నా గట్టి నమ్మకం. చెంచుకి మందల్లేవు. మందలున్నవాళ్లకి పలుకుబడి ఉంది. తేడా అక్కడుంది.

పులులు పెరిగినప్పుడు వచ్చే ఇబ్బంది వేరు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర ఊరి అంచున నాలుగు ఆడ పులి పిల్లలు దొరికాయి. తల్లి టీ–108 అని కెమెరా రికార్డుల్లో ఉన్న పులి అని గుర్తించి, పిల్లల్ని తల్లి దగ్గరికి చేర్చడానికి సిబ్బంది రాత్రుళ్లు ప్రయత్నించారు. తల్లి రాలేదు. చివరికి పిల్లల్ని తిరుపతి జూకి పంపారు. ఊరివాళ్లు వాటికి హాని చేయకుండా శాఖకి కబురు పెట్టడం ఈ మొత్తం కథలో నాకు నచ్చిన భాగం. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి కథలు ఇంకోలా ముగుస్తాయి.

రోడ్ల సంగతికి వద్దాం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మన్ననూరు దగ్గర కోర్‌లోకి దిగి దోమలపెంట దాకా అడవిలోనే నడుస్తుంది. అటు దోర్నాల వైపు నుంచి వచ్చే రోడ్డు కూడా అంతే. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టులు మూసేస్తారు. శివరాత్రి లాంటి సమయాల్లో మాత్రం సడలిస్తారు. 9 దాటాక గేటు ముందు ఆగిపోయిన వాళ్ల విసుగు అర్థం చేసుకోగలను. అయినా ఈ చిన్న నియమం చేసిన మేలు ఎన్నో పెద్ద పథకాలు చేయలేదు. పులి, చిరుత, ఎలుగు, అలుగు, అన్నీ ఎక్కువగా తిరిగేది రాత్రే. ఆ తొమ్మిది గంటలు రోడ్డు వాటిది. ఇప్పుడు ఈ దారిలో అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ కడదామన్న ప్రతిపాదన ఉంది. కింద జంతువులు, పైన బండ్లు అన్న ఆలోచన వినడానికి బాగుంది. కట్టే ఏళ్లలో కోర్ మధ్య ఏం జరుగుతుంది, కట్టాక రాత్రి నిషేధం ఎత్తేస్తారా అన్నవి ముందుగా తేలాల్సిన ప్రశ్నలు. ఎత్తేస్తే రాత్రంతా వెలుతురు, శబ్దం అడవి నడిబొడ్డున ఉంటాయి.

సొరంగాలది ఇంకో రకం చిక్కు. అడవిని ముట్టుకోకుండా నీళ్లు తేవాలంటే కొండ కింద నుంచి తవ్వాలి. వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలు అలా వచ్చినవే. అవి ఒక్కోటి 18.8 కిలోమీటర్లు, కొల్లంవాగు నుంచి నల్లమల కింద ప్రకాశం వైపు. తెలంగాణలో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు, అమ్రాబాద్ కింద నుంచి. మామూలుగా ఇంత పొడవైన సొరంగానికి మధ్యలో పైనుంచి దారులు తవ్వి నాలుగైదు చోట్ల ఒకేసారి పని చేస్తారు. పైన టైగర్ రిజర్వ్ ఉంది కాబట్టి ఇక్కడ రెండు కొసల నుంచే తవ్వాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకుపోయారు. వాళ్లని ప్రాణాలతో తీసుకురాలేకపోయారు. రాయి వదులుగా ఉండటం, నీటి ఊట ప్రమాదానికి దారితీశాయి, ఆ తప్పుని అడవి మీద నెట్టడం న్యాయం కాదు. కానీ సహాయక బృందాలకి అంత దూరం వెళ్లడానికి ఉన్నది ఆ ఒక్క దారే. పైన అడవికి రక్షణ గీసేటప్పుడు, కింద పనిచేసే మనిషికి ఏ రక్షణ ఉండాలో అదే బల్ల మీద కూర్చుని తేల్చాలి. ఆ ఎనిమిది మందిలో చాలామంది ఈ కొండల పేరు పని కోసం వచ్చాకే విన్నవాళ్లు.

యురేనియం గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకి సూత్రప్రాయంగా సరేనంది. తవ్వకం కాదు, అన్వేషణే అన్నారు. కానీ ఆ అన్వేషణ కోసం 4000 బోరు రంధ్రాలు వెయ్యాలి. రంధ్రానికో యంత్రం, యంత్రానికో దారి, దారికి కొట్టే చెట్లు, ఇదంతా కోర్‌లో. పెంటల నుంచి హైదరాబాద్ దాకా నిరసన లేచింది. సినిమావాళ్లు, విద్యార్థులు, రాజకీయ పార్టీలు అన్నీ కలిశాయి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకి వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. దాంతో ఆ పని ఆగింది. నది కింది భాగంలో, సాగర్ జలాశయం దగ్గర లంబాపూర్–పెద్దగట్టులో 2000ల మొదట్లో ఇలాంటి ప్రతిపాదనే వచ్చి, గట్టి వ్యతిరేకత ఎదుర్కొంది.

ఈ ఉదంతంలో గమనించాల్సింది ఒకటుంది. పెంటలో ఉన్న కుటుంబం కదలాలని చెప్పడానికి వాడే మాట 'కోర్‌లో అలికిడి ఉండకూడదు' అని. అదే కోర్‌లో 4000 రంధ్రాలు వెయ్యడానికి సూత్రప్రాయంగా ఒప్పుకోవచ్చు. ఒకే గీత ఒకరికి గోడ, ఇంకొకరికి గేటు. ఇది చట్టం లోపం కంటే, గీతను ఎవరి మీద వాడుతున్నామన్న లోపం. గేటు ముందు చెంచూ, యంత్రమూ ఒకేసారి నిలబడ్డప్పుడు ఎవరిని లోపలికి రానిస్తామన్న దాన్నిబట్టే మనకి పులి మీద ప్రేమ ఎంతో తెలుస్తుంది.

చివరిగా, ఇంకా గీయని గీత గురించి. నల్లమల నిండుతున్నకొద్దీ యువ పులులు కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి దిగుతున్నాయి. దారిలో కడప జిల్లాలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఉంది, నెల్లూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, అవి దాటితే తిరుమల శేషాచలం కొండలు. శ్రీలంకమల్లేశ్వర ప్రపంచమంతా పోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడిన ప్రాంతం. ఆ పక్షి కోసమే అక్కడ అభయారణ్యం పుట్టింది. ఇప్పుడు అదే పులికి దారి కూడా అవుతోంది. ఈ అభయారణ్యాల మధ్య మామూలు రిజర్వ్ ఫారెస్ట్ ఉంది, రెవెన్యూ భూమి ఉంది, రోడ్లు, రైలు పట్టాలు, కాలువలు ఉన్నాయి.

ఇలాంటి దారినే కారిడార్ అంటారు. 2006 సవరణ ప్రకారం రెండు రక్షిత ప్రాంతాలని, టైగర్ రిజర్వులని కలిపే భూమిని పర్యావరణం తట్టుకోలేని పనులకి మళ్లించకూడదు. ప్రజా ప్రయోజనం కోసం తప్పదనుకుంటే పులుల ప్రాధికార సంస్థ సలహాతో జాతీయ వన్యప్రాణి మండలి అనుమతి ఉండాలి. అంటే ఈ భూముల్లో రోడ్డు వెడల్పు చేసినా, కొత్త గని తవ్వినా జిల్లా స్థాయిలో తేల్చేసేది కాదు. చాలామంది సర్పంచులకి, తహసీల్దారు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి కూడా ఈ నియమం తెలియదు. అక్కడ ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. వాళ్లని కదిలించనక్కర్లేదు, కోర్ చేయనక్కర్లేదు. రోడ్డు కింద నుంచి జంతువు దాటే దారి, పొలం గట్టున కరెంటు తీగ లేకుండా చూడటం, పశువు చనిపోతే పరిహారం వారం లోపు చేతికందడం, ఇవి చాలు. ఈసారి గీత గీసేముందు ఆ ఊళ్లలో గ్రామసభలు పెట్టడానికి కావలసినంత సమయం ఉంది.